మందిరం తలుపు మోసుకెళ్ళినాయన కొడుకు

బస్సు సగం దూరం వచ్చేసింది గాని కండక్టరు ఇంకా ఆ చెక్కపెట్టె దగ్గరే ఆగిపోయి ఉన్నాడు.

"పెట్టెకి కూడా టికెట్టు తీసుకోవాలి."

"పెట్టె మీద నేను కూర్చున్నాను కదయ్యా. నీ సీటు వాడుకోలేదు. న్యాయంగా అయితే నువ్వే నాకు సగం వెనక్కివ్వాలి."

"దారికి అడ్డంగా ఉంది."

"అడ్డంగా ఉన్నది నేను. పెట్టె నా కింద ఉంది, అంతే."

బస్సంతా నవ్వింది. కండక్టరు తన నవ్వు దాచుకోవడానికి ఈల నోట్లో పెట్టుకున్నాడు, అది కాస్తా మోగింది, డ్రైవరు బ్రేకు వేశాడు, ఎవరూ దిగలేదు, డ్రైవరు వెనక్కి తిరిగి ఏదో అన్నాడు, మళ్ళీ కదిలాం. అంత గొడవకీ కారణమైన మనిషి మాత్రం నవ్వలేదు. అందుకే నేను అతన్ని చూడడం మొదలుపెట్టాను.

నలభై దాటి ఉంటాయి. చెవి వెనక చిన్న పెన్సిలు ముక్క, చెవి మీది వెంట్రుకల్లో రంపపు పొట్టు. ఎడమ బొటనవేలి గోరు నల్లబడి ఉంది. వడ్రంగి అని వేరే చెప్పక్కర్లేదు. నేను కిటికీ వైపు జరిగి, "ఇటు రా నాయనా, సర్దుకుందాం" అన్నాను. వచ్చి కూర్చుని, పెట్టెని రెండు కాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు.

జీవితంలో చాలా భాగం బస్సుల్లో, రైళ్ళలో, పడవల్లో గడిపినవాణ్ణి. ఒకటి గమనించాను. ఎక్కడికో వెళ్ళేవాడు ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తాడు. ఎక్కడినుంచో వెళ్ళిపోయేవాడు వెనక అద్దం వైపు మెడ తిప్పుతూ ఉంటాడు. ఇతని మెడ అప్పటికే నొప్పి పుట్టి ఉంటుంది.

"ఎక్కడిదాకా?"

"ఆఖరి స్టాపు."

"పని మీదేనా?"

"పనే పెద్దాయనా. వంటింటి అరలు బిగించాలి."

"ఎవరింట్లో?"

నీళ్ళు నమిలాడు. ఈలోగా అతని ఫోను మోగింది. ఆ ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే వినపడదట, గట్టిగా పెడితేనే మాట వస్తుందట. కాబట్టి అతని భార్య గొంతు మా నాలుగు వరసలకీ ఒకేసారి పరిచయమైంది.

"ఏవండీ, ఎక్కడున్నారు?"

"బస్సులో."

"అది వినపడుతూనే ఉంది. ఏ వైపు పోయే బస్సులో?"

"పనుందని చెప్పాను కదా."

"వంటింటి అరలు, అవునా? ఆ ఇల్లుగలావిడ ఇప్పుడే నాకు ఫోన్ చేసింది. వచ్చే వారం రమ్మని మీతో చెప్పిందట."

అతను ఫోను గొంతు తగ్గించబోయాడు, అది తగ్గలేదు.

"మీ నాన్న తలుపొక్కటే మోసుకెళ్ళాడు. మీరు మిమ్మల్నే మోసుకుపోతున్నారు. ఆయనకి కనీసం ఎక్కడ దించాలో తెలుసు."

"అది కాదే..."

"ఏది కాదు? పాస్టరు గారొచ్చి మన అరుగు మీద కూర్చున్నారు. టీ ఇచ్చాను. ఇంకోసారి ఇచ్చాను. మూడోది నేనివ్వను. మీరే వచ్చి ఇచ్చుకోండి."

పెట్టేసింది. బస్సులో అందరి చెవులూ ఇటే ఉన్నాయి. చివరికి వెనక సీటులో ఒక పెద్దావిడ ఉండబట్టలేకపోయింది. "ఏం తలుపు బాబూ అది?"

అతను నా వైపు చూశాడు, నేను చెప్పాలన్నట్టు. నాకేం తెలుసు? అప్పుడు తనే మొదలుపెట్టాడు. అతను ముందూ వెనకా కలిపేసి చెప్పినదాన్ని నేను కాస్త వరసలో పెడుతున్నాను.

వాళ్ళ వీధిలో ఎదురెదురుగా రెండు మందిరాలున్నాయి. ఒకటి పాతది, రాతి కట్టడం. రెండోదాన్ని కొత్తది అంటారు. దానికీ ముప్పై ఏళ్ళు దాటాయి, పైరేకులు కారుతున్నాయి, అయినా పేరు కొత్తదే. పాతదానికి తలుపు లేదు. కొత్తదానికి ఉన్న తలుపు పాతదానిది.

ఆ తలుపు చేసింది ఇతని తండ్రి. మనిషిన్నర ఎత్తు, ఒంటి రెక్క, ఎక్కడా అతుకు లేని పలకలు. కూలి తీసుకోలేదు. ఆదివారం ఆయన దాని పక్కనే నిలబడి వచ్చినవాళ్ళకి తెరిచేవాడు. ఆ పని చెయ్యమని ఆయనకెవరూ చెప్పలేదు. చేసినవాడు కాబట్టి తెరుస్తున్నాడులే అనుకున్నారు. ఆయన పక్కన నడుమెత్తు పిల్లాడిగా ఇతను.

"నాన్న వచ్చినవాళ్ళ ముఖాలు చూసేవాడు. నాకు అంత ఎత్తు అందదు కదా, చెప్పులు చూసేవాణ్ణి. చెప్పులు చూసి ఎవరొచ్చారో చెప్పేసేవాణ్ణి. మడమ అరిగిన చెప్పులంటే టైలరు గారు. ఒకటి కొత్తది, ఒకటి పాతది అంటే మా మేనత్త."

"ఒకటి కొత్తదేంటి?" అంది వెనక సీటావిడ.

"తెగినదాన్నే మార్చేది. రెండూ ఒకేసారి కొనడం దుబారా అనేది."

అప్పటి పాస్టరు గారు వేళ విషయంలో మహా గట్టి మనిషి. ప్రార్థన మొదలయ్యాక తలుపు గడియ వెయ్యాలి, ఆలస్యంగా వచ్చినవాళ్ళు బయటే ఉండాలి అన్నాడు. తండ్రి కొన్ని వారాలు వేశాడు. ఒక ఆదివారం జోరు వానలో నిండు గర్భిణి వచ్చి తట్టింది. గడియ తీశాడు. చప్పుడైంది. పాస్టరు ప్రార్థన మధ్యలో ఆపి, "ఈ మందిరానికి పెద్ద నువ్వా, నేనా?" అని అందరి ముందూ అడిగాడు. తండ్రి నీళ్ళు కారుతున్న చేతులతోనే, "ఇక్కడున్నవాళ్ళందరూ దేవుడి మనుషులే. మీరొక్కరే పైనుండాలని ఎవరన్నారు?" అన్నాడు.

ఆ మాట వినగానే పాస్టరు ముఖం వెలిగిపోయిందట. "ఈ మాట నీకంటే ముందు ఎవరన్నాడో తెలుసా? కోరహు!"

కోరహు కథ తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఐగుప్తు నుంచి జనాన్ని నడిపించుకొస్తున్న మోషే మీద అరణ్యంలో తిరగబడ్డ లేవీయుడు, అంటే దేవుడి గుడారంలో సేవ చేసే గోత్రంవాడు. సమాజమంతా పరిశుద్ధమే అయినప్పుడు మీకెందుకు ఈ పెత్తనం అన్నది అతని వాదన. నిజం చెప్పాలంటే విన్న చెవికి న్యాయంగానే ఉంటుంది. అతనికి పట్టిన గతి మాత్రం భయంకరం. నేల నోరు తెరిచి, అతనితో కూడినవాళ్ళని ఇళ్ళతో సహా మింగేసింది.

మర్నాడు తండ్రి స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చాడు. మడతబందులు విప్పాడు. పెద్దలు పరిగెత్తుకొచ్చారు. "తెరవకూడని తలుపుకి వడ్రంగితో పనేంటి? గోడ కట్టుకోండి. మేస్త్రీని పిలవండి" అన్నాడు. నలుగురి సాయంతో తలుపు తల మీదికెత్తుకుని వీధి దాటాడు. సంఘంలో సగం మంది ఆ తలుపు వెనకే నడిచారు. ముందు ఖాళీ స్థలంలో తలుపుని ఒక గోడకి ఆనించి దాని ముందు కూర్చుని ఆరాధించారు. తర్వాత దాని చుట్టూ మందిరం లేచింది. తలుపు ముందూ, గోడలు వెనకా వచ్చిన కట్టడాన్ని గురించి నేను వినడం అదే మొదటిసారి.

పాతవాళ్ళ పంతం ఇంకా విచిత్రం. వాళ్ళు వేరే తలుపు చేయించుకోలేదు. తీసుకెళ్ళిన ఇంటివాళ్ళే తెచ్చి పెట్టాలి, అప్పటిదాకా తెర చాలు అన్నారు. మందపాటి గుడ్డ తెర, గాలికి లేవకుండా అంచుకి రాళ్ళు కట్టారు. ముప్పై ఏళ్ళలో ఎన్ని తెరలు చిరిగాయో. ఒక కుక్క ప్రతి ఆదివారం తెర కింద నుంచి దూరి వచ్చి చివరి బెంచీ కింద పడుకునేదట. ఆ సంఘంలో ఒక్క వారం కూడా మానకుండా వచ్చింది అదేనని ఇతని భార్య అంటుంది.

భార్య మాటెందుకొచ్చిందంటే, ఆవిడది పాత మందిరం.

ఏటా తలుపు పోయిన రోజుకి దగ్గరి ఆదివారం, పాత మందిరంలో ఒక ఆనవాయితీ. తెర పక్కకి లాగి, వీధవతలికి వినపడేలా కోరహు అధ్యాయం చదివేవారు. అదే వేళకి కొత్త మందిరంలో, తలుపు బార్లా తెరిచి, ఐగుప్తులోంచి జనం బయటికొచ్చిన అధ్యాయం చదివేవారు. వీధిలో పోయేవాడికి ఒక చెవిలో నేల చీలేది, ఇంకో చెవిలో సముద్రం చీలేది.

"నాకప్పుడు పదేళ్ళు ఉంటాయేమో. తలుపు పక్క బెంచీ మీద కూర్చునేవాణ్ణి. అవతల నేల నోరు తెరిచింది అనే చోటికి రాగానే కాళ్ళు పైకి ఎత్తేసుకునేవాణ్ణి. కోరహు కొడుకుని కదా. మొదట మింగితే నన్నే మింగాలి."

"ఎవరూ చూడలేదా?"

"ఒక పిల్ల చూసింది. అటు తెర పక్కన కూర్చునేది. పెళ్ళైన మొదటి వారమే అడిగింది. 'ఇప్పుడూ కాళ్ళు ఎత్తుకునే కూర్చుంటారా, దింపుతారా?' అని."

ఆ పెళ్ళికి రెండు వైపులా అలిగారు. ఆదివారం పొద్దున మొగుడూ పెళ్ళాం కలిసే బయల్దేరుతారు. వీధి నడిమధ్యకి రాగానే ఆవిడ ఎడమకి, ఇతను కుడికి. మధ్యాహ్నం మళ్ళీ అక్కడే కలుసుకుంటారు. కూర ఏం చెయ్యాలన్నది ఆ నడిరోడ్డు మీదే తేల్చుకుంటారట.

పని తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. అతని పనిలో ఒక పద్ధతుంది. ఎవరింట్లో తలుపు బిగించినా, బిగించాక తను బయటికెళ్ళిపోయి తలుపు మూయించి, తడతాడు. ఇంటివాళ్ళు లోపలినుంచి తెరవాలి. తెరిస్తేనే పని అయినట్టు. ఒకసారి ఒక ఇంట్లో పిల్లలు ఆటకి తెరవకుండా కూర్చుంటే, అలాగే బయట చాలాసేపు నిలబడ్డాడట.

"తోసుకుని రావచ్చుగా, నువ్వు బిగించిన తలుపే" అన్నాను.

"తోస్తే వస్తుంది. కానీ అది తెరిచినట్టు కాదు కదా" అని, ఏదో గుర్తొచ్చి ఆగాడు.

గుర్తొచ్చింది తండ్రే. వానలో గర్భిణికి గడియ తీసినవాడే, తన మందిరంలో గడియ వెయ్యడం మొదలుపెట్టాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం కాదు, వీధవతలివాళ్ళ కోసం. ఒక ఆదివారం ఎవరో తట్టారు. తండ్రి సందులోంచి చూశాడు. ఇతనికి అప్పటికి మీసాలొచ్చాయి. "ఎవరు నాన్నా?" అన్నాడు. "ఎవరూ లేరు" అన్నాడు తండ్రి. తలుపు కింది సందులో చెప్పుల నీడ కనపడుతోంది. పాత పాస్టరు గారి చెప్పులు. పక్కన కర్ర మొన. చాలాసేపు కదల్లేదు. తర్వాత కదిలాయి.

"ఎందుకొచ్చాడో?"

"ఎవరికి తెలుసు? ఆ ఏడాదే పోయాడు. తిట్టడానికి వచ్చాడంటారు మావాళ్ళు. రాజీకి వచ్చాడంటుంది మా ఆవిడ."

తండ్రి పోయి మూడేళ్ళవుతోందట. మంచం మీద కొడుకు చెయ్యి పట్టుకుని అన్నాడు: "ఆ తలుపు మళ్ళీ ఆ గుమ్మానికి ఎక్కకూడదు. నీ చేత్తో అసలే ఎక్కకూడదు." ఇతను "సరే నాన్నా" అన్నాడు. ఆ మాట నలుగురూ విన్నారు. సమాధి దగ్గర కొత్త మందిరం పెద్దాయన రేకాబీయుల గురించి చెప్పాడు. అది నాకూ ఇష్టమైన కథే. ద్రాక్షారసం తాగొద్దు, ఇళ్ళు కట్టుకోవద్దు, డేరాల్లోనే ఉండండి అని పూర్వీకుడు ఒకడు చెప్పిపోతే, తరాల తర్వాత కూడా ఆ వంశంవాళ్ళు ఆ మాట తప్పలేదు. ప్రవక్త స్వయంగా గిన్నెలు ముందుంచి తాగమన్నా తాగలేదు. చూశారా, తండ్రి మాటంటే అదీ, అని దేవుడే మెచ్చుకున్నాడు.

అంటే ఒక మందిరం ఇతన్ని కోరహు వంశంలో రాసింది. రెండో మందిరం రేకాబు వంశంలో రాసింది. రెండు వంశాల భారం మోస్తూ మధ్యలో ఈ వడ్రంగి.

ఇప్పుడు కొత్తగా జరిగిందేమిటంటే, రెండు మందిరాలకీ కలిపి ఒకే పాస్టరొచ్చాడు. కుర్రవాడు. జనం తగ్గిపోయి ఇద్దరిని పోషించే స్తోమత లేదు. పొద్దున ఇక్కడ ప్రసంగించి, చెమట తుడుచుకుంటూ వీధి దాటి అదే ప్రసంగం అక్కడ చేస్తాడు. కొన్నాళ్ళు చేశాడు. ఒకరోజు రెండు వైపుల పెద్దల్నీ కూర్చోబెట్టి, "నా మాటలు నాకే వినబుద్ధి కావడం లేదు. వచ్చే ఆదివారం ఒకే ఆరాధన, పాత మందిరంలో. ఆ తలుపు ఎక్కాలి" అన్నాడు. రేకులు కారుతున్నాయి కాబట్టి కొత్తవాళ్ళు, తెరలతో విసిగిపోయారు కాబట్టి పాతవాళ్ళు, ఒప్పుకున్నారు. తర్వాత పాస్టరు ఇంకో మాటన్నాడు. తలుపు వడ్రంగే బిగించాలి, ఇకమీదట ఆ తలుపు దగ్గర సేవకుడిగా అతన్నే నిలబెట్టాలి, ఆదివారం అందరం అతని తల మీద చేతులుంచి ప్రార్థన చేద్దాం.

అక్కడ రేగింది. "కోరహు సంతతి చేతికి గడియా?" అన్నాడు పాత పెద్ద. "తండ్రి మాట తప్పినవాడి చేతికి గడియా?" అన్నాడు కొత్త పెద్ద. ముప్పై ఏళ్ళ తర్వాత మొదటిసారి ఇద్దరికీ ఒక విషయంలో ఏకాభిప్రాయం కుదిరింది.

"పాస్టరేమన్నాడు?"

"నా దగ్గరికొచ్చి అడిగాడు. 'మీకు పిలుపుందా అన్నా? ఉందో లేదో చెప్పగలిగింది మీరొక్కరే. ఉంటే శనివారం సాయంత్రానికి తలుపెక్కించండి' అన్నాడు."

ఆ రోజు శనివారం. ఎండ నడినెత్తి దాటింది.

"మరి ఉందా?"

పెన్సిలు తీసి చూసుకుని మళ్ళీ చెవి వెనక పెట్టుకున్నాడు. "చిన్నప్పటినుంచీ నాకు ఆ ఒక్క పనే చెయ్యాలని ఉంది పెద్దాయనా. ప్రసంగాలు రావు. పాడలేను. ఎవరైనా వస్తుంటే తలుపు తీసి పట్టుకోవాలి, అంతే. ఇన్నేళ్ళూ కొత్త మందిరంలో నిలబడుతూనే ఉన్నాను. కానీ అక్కడ సగం మందికే తెరుస్తున్నాను కదా. అది పిలుపంటారా, అలవాటంటారా? పిలుపే అనుకోండి, ఇదే తలుపు దగ్గర నాన్నకీ పిలుపుంది. ఆయనేం చేశాడు? నేను మాత్రం చెయ్యనని ఏంటి నమ్మకం?"

నేను ఊరుకోలేకపోయాను. "కోరహు పిల్లలు చావలేదు తెలుసా? తర్వాత జనాభా లెక్కలో..."

"తెలుసు. మా అమ్మ చూపించింది, నేను కాళ్ళెత్తుకుంటున్నానని తెలిశాక. ఒక అధ్యాయంలో నేల మింగేసింది. ఇంకో అధ్యాయంలో పిల్లలు బతికే ఉన్నారు. నాకు అర్థం కానిది అదే. నేను ఏ అధ్యాయంలో ఉన్నాను?"

సరిగ్గా అప్పుడే ఇంజను బుస్సుమని ఆవిరి కక్కింది. డ్రైవరు బండిని పక్కకి తీసి, నీళ్ళు కావాలి, చల్లారాలి, దిగండి అన్నాడు. రోడ్డు పక్కన ఒక టీ కొట్టు, సగం దించిన షట్టరు, నీడకి ఒక పరదా. అందరం దిగాం. ఇద్దరం రెండు గ్లాసులు పట్టుకుని ఒక సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాం.

ఇక్కడ నేను ఒక పొరపాటు చేశాను. అతన్ని తేలికపరుద్దామని వంశావళుల్లోకి దిగాను. నాకవి ఇష్టం. అందరూ పేజీలు తిప్పేసే చోట నేను ఆగుతాను. పేర్ల వరసలు చదువుతుంటే రైలు కిటికీలోంచి ఇళ్ళు చూస్తున్నట్టుంటుంది. ప్రతి ఇంట్లో దీపం, ఎవరో ఉన్నారు, ఎవరో తెలియదు.

"చూడు నాయనా, ఆ కోరహు వంశంలోనే తర్వాత ఎవరు పుట్టారో తెలుసా? సమూయేలు. అంతటి ప్రవక్త. చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు రాత్రి దేవుడు పేరు పెట్టి పిలిచాడు కదా. తెల్లారి లేచి ఆ పిల్లాడు ముందు చేసిన పనేంటో తెలుసా? మందిరం తలుపులు తీశాడు. వచ్చిన పిలుపు గురించి ఎవరితో చెప్పాలన్నా భయపడ్డాడు గాని, తలుపులు మాత్రం తీశాడు."

అతను గ్లాసు కింద పెట్టాడు. "నిజంగానే ఉందా అది?"

"ఉంది."

"కోరహు వంశమేనా?"

"ఆ వంశమే. ఆ వంశంవాళ్ళే తర్వాత గుమ్మాల దగ్గర కావలి ఉన్నారు, పాటలు పాడారు."

అతని ముఖం కొంచెం విచ్చుకుంది. అక్కడ ఆపి ఉంటే బాగుండేది. కానీ నోరు ఊరుకోదుగా. "అయితే ఆ సమూయేలు కొడుకులు లంచాలు తిన్నారు."

"ఆఁ?"

"తిన్నారు. ఆ లంచాలు తిన్నవాడి కొడుకు మళ్ళీ దేవుడి మందిరంలో పెద్ద గాయకుడు."

"ఆగండాగండి. ముత్తాత తిరుగుబాటుదారు, మనవడు ప్రవక్త, వాడి కొడుకు లంచగొండి, వాడి కొడుకు గాయకుడు. అంతేనా? ఇందులో నాకేం తేలింది?"

"ఏమీ తేల్లేదు."

"ఇంత చదివీ?"

"చదివాకే తేలకుండా పోయింది. తనని మందిరంలో పెంచిన యాజకుడు ఏలీ ఇంట్లో చెడ్డ కొడుకులు పెరగడం సమూయేలు కళ్ళారా చూశాడు. చూసీ తన ఇంట్లో ఆపలేకపోయాడు. చెడ్డ రాజుకి మంచి కొడుకు పుడతాడు, ఆ మంచివాడికి అందరికంటే చెడ్డవాడు పుడతాడు. తండ్రిని బట్టి కొడుకు నడుస్తాడంటే ఆ వరసలో ఒక్కటీ కుదరదు. తండ్రికి ఎదురు నడిస్తేనే మంచివాడంటే, నీ రేకాబీయులు అడ్డొస్తారు."

"అదే నేనూ అంటున్నది!" అన్నాడు గట్టిగా, నేనేదో తప్పు చేసినట్టు. "రేకాబువాళ్ళు తండ్రి మాట మీద నిలబడ్డారు, దేవుడు మెచ్చాడు. కోరహు పిల్లలు తండ్రి డేరా దగ్గర నిలబడకుండా తప్పుకున్నారు కాబట్టే బతికుంటారు. తప్పుకోకపోతే మింగేది కదా. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఇప్పుడు ఆ తలుపు నేను ముట్టుకుంటే మాట తప్పినవాణ్ణి. ముట్టుకోకపోతే, పిలిస్తే పలకనివాణ్ణి. ఏది నమ్మకంగా ఉండటం?"

నాకు తెలియదనే చెప్పాను. ఆ పేర్ల వరసల్లో నాకు కనపడ్డది ఒక్కటే. ఎవరి పేరు పక్కన వాళ్ళ తండ్రి పేరుంటుంది, నిజమే. కానీ తండ్రి పేరు రాశాక వాక్యం అక్కడ ఆగదు. ఆ మనిషి తనేం చేశాడో విడిగా రాసి ఉంటుంది. ఇలా అన్నాననే గుర్తు. అది సరైన మాటో కాదో ఇప్పటికీ తెలియదు. అతను విన్నట్టు కూడా లేదు.

కాసేపటికి తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "ఆ తలుపు కొత్త మందిరానికి పెద్దది. పైదూలానికి తగిలేలా ఉంటుంది. కింద నాలుగు వేళ్ళు కోసెయ్యమని అందరూ చెప్పారు. నాన్న కొయ్యనివ్వలేదు. దాని కొలతకే గుమ్మం కట్టించాడు. వానాకాలం చెక్క ఉబ్బి పట్టేసేది. ఎవరైనా ఏం చేస్తారు? తలుపు అంచుకి చిత్రిక పడతారు. మా నాన్న ద్వారబంధాన్ని గీకేవాడు. ప్రతి వానాకాలం ద్వారబంధాన్నే. తలుపుకి చిత్రిక తాకనివ్వలేదు. మడతబందులు కూడా పాత చోటే, పాత రంధ్రాలే."

"అంటే?"

"అంటే పాత గుమ్మానికి ఇప్పటికీ అది సరిగ్గా పడుతుంది."

"ఎప్పటికైనా తిరిగి తీసుకెళ్దామనేనేమో."

"ఒక్కోరోజు అలాగే అనిపిస్తుంది. ఒక్కోరోజు, తన పనితనం మీద తనకున్న పొగరు అంతే అనిపిస్తుంది. మంచం మీద ఆ మాటన్నప్పుడు ఆయన ముఖం చూశాను. నాకేం తెలియలేదు. చెక్కని అడిగితే చెప్తుందా?"

టీ కొట్టతను గ్లాసులు తీసుకెళ్ళాడు. డ్రైవరు బానెట్టు కింద తల దూర్చి ఎవరినో తిడుతున్నాడు. వెనక సీటావిడ దూరం నుంచే, "తలుపెక్కించెయ్యి బాబూ, ఆ కుక్కకీ ఒక మర్యాదుండాలి" అని అరిచింది. అతను ఈసారి నవ్వాడు. నవ్వి, నవ్వు మధ్యలోనే ఆగిపోయాడు.

"మా నాన్న తప్పు చేశాడని నేను అనను" అన్నాడు.

"అనొద్దు."

"ఆరోజు వానలో గడియ తీసింది ఆయనే. అది తప్పు కాదు."

"కాదు."

"తర్వాత గడియ వేసిందీ ఆయనే. అది ఒప్పని కూడా అనను."

"అనక్కర్లేదు."

"ఆయనకిచ్చిన మాట మాటే. తలుపు మాత్రం ఎక్కించాలి. ఈ రెండూ పొసగవు కదా?"

"పొసగవు" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

"మళ్ళీ నేనే గడియ వేసే రోజు రాదని ఎవరైనా చెప్పగలరా?"

"ఎవరూ చెప్పలేరు నాయనా."

అతను తలూపాడు. ఒప్పుకున్నట్టో, నా మీద ఆశ వదులుకున్నట్టో నాకు తెలియలేదు. నా మాటలు అతనికి ఏమాత్రం పనికొచ్చాయో అన్న దిగులు పట్టుకుంది. దిగులు పడితే నాకు మాటలు ఎక్కువవుతాయి. ఒక మంచి ఉదాహరణ ఇంకా మిగిలే ఉందని తోచి, రోడ్డవతల పొలాల వైపు చూస్తూ రాజుల వరస ఎత్తుకున్నాను. ఆహాజు మందిరం తలుపులు మూయించేశాడు, అతని కొడుకు హిజ్కియా ఏలుబడిలోకి రాగానే మొదటి నెలలోనే వాటిని తెరిపించి బాగుచేయించాడు, చూశావా, అక్కడ కూడా తలుపే, అన్నాను. అయితే ఆ హిజ్కియా కొడుకు మనష్షే ఉన్నాడే, వాడంత చెడ్డవాడు లేడు, కానీ వాడు కూడా చివర్లో బందీగా పోయి కుమిలి ఏడ్చాడు, వాడి కొడుకు ఆమోను ఆ ఏడుపు కూడా నేర్చుకోలేదు, ఆమోనుకి మళ్ళీ యోషీయా...

పక్కన చప్పుడు లేదు. తిరిగి చూశాను. దిమ్మ ఖాళీగా ఉంది.

అప్పటికే అతను చాలా దూరం నడిచేశాడు. పెట్టె భుజాన వేసుకుని, మేం వచ్చిన దారినే, రోడ్డు అంచున. వెనక్కి పోయే బస్సు కోసం ఆగుతాడేమో అనుకున్నాను, ఆగలేదు. సాయంత్రంలోగా అంత దూరం నడిచి చేరగలడా అని లెక్కేసుకోబోయి మానేశాను. "నాయనా!" అని కేకేశాను. వినపడిందో లేదో. అతను వెనక్కి తిరగలేదు, చెయ్యి కూడా ఊపలేదు, అదే అడుగుతో నడుస్తూ పోయాడు.